ఆకు కొసన చుక్క, పువ్వు నడుమ చుక్క

తెల్లవారుజామున ఐదున్నరకి బాల్కనీ తలుపు తీయగానే కంటబడింది, మనీప్లాంట్ ఆకు కొసన వేలాడుతున్న నీటిచుక్క. రాత్రి వాన పడలేదు. మంచు కురిసే కాలమూ కాదు, విశాఖలో ఆగస్టు ఉక్క. ఆ నీళ్లు మొక్క లోపలినుంచి వచ్చినవే. రాత్రంతా వేళ్లు నీరు తోడుతూనే ఉంటాయి. చీకట్లో ఆకు రంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి ఆవిరైపోయే దారి లేదు. వేళ్లు కిందినుంచి నెట్టిన నీరు ఈనెల వెంట పైకి పాకి, ఆకు కొసన ఉన్న సన్నటి ద్వారంలోంచి చుక్కగా ఊరుతుంది. వేలి మీదికి తీసుకుంటే జిగురు లేదు, వాసన లేదు. జారిపోయింది.

అదే బాల్కనీలో ముందురోజు రాత్రి తొమ్మిది దాటాక ఇంకో చుక్క చూశాను. హోయా పూలగుత్తి తలకిందులుగా వేలాడుతోంది. గుత్తిలో ఇరవై పైచిలుకు పూలు. ఒక్కొక్కటీ మైనంతో పోతపోసి పైన పంచదార పొడి అద్దినట్టున్న లేత గులాబీ నక్షత్రం. దాని మీద ఇంకో చిన్న నక్షత్రం, దాని నడుమ కుంకుమ రంగు బొట్టు. ఆ బొట్టు పక్కనే తేనెచుక్క, టార్చి వెలుగులో మెరుస్తూ. వేలికి అంటుకుంది, వదల్లేదు. పగలంతా ఉన్నట్టే తెలియని ఆ గుత్తి చీకటి పడేసరికి పడకగది దాకా పరిమళం పంపింది.

రెండు తీగలు, రెండు చుక్కలు. మొదటిది మొక్కకి ఎక్కువై పొంగింది. రెండోది ఎవరో వస్తారని మొక్క వండి పెట్టుకున్నది. ఆకునీ పువ్వునీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఈ తేడాయే గుర్తొస్తుంది. ఆకు మొక్క సంసారం, పువ్వు అతిథి మర్యాద.

ఈ ఆలోచన కదిలించింది మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి. కొత్తగా కాపురానికి వచ్చింది. "అక్కా, హాల్లో ఒక తీగ పెట్టుకుందామనుకుంటున్నాం. ఆకు బాగుండేది తెచ్చుకోమంటారా, పూలు పూసేదా?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మన ఇళ్లలో ఈ రెండింటికీ ఎప్పటినుంచో వేర్వేరు చోట్లు ఉన్నాయి. తాంబూలంలోకి ఆకు, జడలోకి పువ్వు. తమలపాకు తీగ పెరట్లో బావి పక్క నీడన, సన్నజాజి వీధివైపు పందిరి మీద ఎండలో. పొన్నూరు వైపు తమలపాకు తోటల్లో అవిసె చెట్లు పెంచి, వాటి నీడలో, వాటి ఒంటినే పట్టుకుని తీగ ఎక్కేలా చేస్తారు. తమలపాకు తీగకీ పూత ఉంది. రేకులే లేని సన్నటి కంకి అది. ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. కానీ ఇన్ని పెళ్లిళ్లలో ఇన్ని కట్టల ఆకులు చేతులు మారుతుంటే, ఆ కంకిని చూసినవాళ్లెందరు? ఆకు కోసమే పెంచుకున్న తీగ పువ్వు సంగతి మనమూ అడగలేదు, తీగా చెప్పలేదు.

మనీప్లాంట్ కథ ఇంకా వింత. దాని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తాహితీ పక్కనున్న మోరేయా అనే చిన్న దీవి. 1880లో దానికి తొలిసారి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు పోతోస్ అనే ప్రజాతి పేరు తగిలించారు. తరవాత అది తప్పని తేలి పేరు మార్చారు, మళ్లీ మార్చారు. మొక్కల బంధుత్వాలు తేల్చేది పువ్వు. ఆ పువ్వే ఈ తీగ చూపించదు. దానంతట అది పూసినట్టు చివరిసారి నమోదైంది 1964లో. ఎందుకు పూయదో 2016లో తేలింది. పూతకి కావలసిన జిబ్బరెలిన్ అనే హార్మోను తయారుచేసే జన్యువు ఈ తీగలో సరిగ్గా పనిచేయడం లేదు. పరిశోధకులు ఆ హార్మోనును బయటినుంచి పిచికారీ చేస్తే, అన్నేళ్లుగా మొగ్గ ఎరగని తీగ పూసింది! మరిచిపోలేదన్నమాట. పిలుపు అందలేదంతే.

పువ్వు లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే విత్తనం లేదు. మరి ఎక్కడో నడిసముద్రంలోని మొక్క మన ఊళ్లలో ప్రతి వరండాలోకీ ఎలా వచ్చింది? చేతుల మీదుగా వచ్చింది. రెండు కణుపుల ముక్క తుంచి నీళ్లలో పెడితే చాలు, తీగ తయారు. "మనీప్లాంట్ కొనుక్కోకూడదు, ఎవరింట్లోంచైనా చెప్పకుండా తెచ్చుకుంటేనే కలిసొస్తుంది" అని మన వైపు ఓ నమ్మకం ఉంది కదా. డబ్బు సంగతేమో గానీ, ఆ నమ్మకం వల్ల తీగకి మాత్రం నిజంగా కలిసొచ్చింది. విత్తనాలు చేయాల్సిన పని మన ఇరుగుపొరుగుల చేతులు చేసిపెట్టాయి.

దీనికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. మనం కుండీలో పెంచి మురిసే ఆ అరచేతంత ఆకు, పసితనపు ఆకు. ఎవరి పెరట్లోనైనా పెద్ద మామిడి చెట్టు మీదికి మనీప్లాంట్ ఎగబాకి ఉంటే ఆగి చూడండి. కింద మొదట్లో చిన్న ఆకు, నడుమ చేటంత ఆకు, పైకి వెళ్లేకొద్దీ అంచులు చీలికలు పడ్డ భారీ ఆకులు. బాగా ఎదిగితే ఒక్కో ఆకు మీటరు పొడవు దాకా వస్తుంది. ఒకే తీగ అని చెబితే తప్ప నమ్మలేం. వేళ్లకి గట్టిగా పట్టుకోను మాను దొరకాలి, పైకి వెళ్లేకొద్దీ వెలుతురు పెరగాలి. అప్పుడే అది పెద్దదవుతుంది. కుండీలోంచి కిందికి వేలాడదీస్తే ఎన్నేళ్లయినా చిన్నపిల్లే. సింగోనియం కూడా అంతే. బాణం మొనలాంటి లేత ఆకు చూసి కొంటాం. అది చెట్టెక్కితే ఆకు ఐదుగా, ఏడుగా చీలిపోయి గుర్తుపట్టలేని రూపం తెచ్చుకుంటుంది. ఆకు తీగని ఎంచుకోవడమంటే దాని బాల్యాన్ని ఇంట్లో పెట్టుకోవడం. పూల తీగని ఎంచుకుంటే దానికి వయసొచ్చే దాకా ఆగాలి.

ఆ ఆగడమే హోయా నేర్పుతుంది. కడియం నర్సరీలో జానెడు మొక్కగా కొన్నాను. ఆకులు మందంగా, రబ్బరు తునకల్లా నిగనిగలాడుతూ ఉన్నాయి. మొదటి ఏడాది నాలుగే ఆకులు వేసింది. రెండో ఏడాది ఉన్నట్టుండి ఆకే లేని పొడవాటి కొమ్మ, కొరడాలాగా, గాలిలోకి సాచింది. వారం, రెండు వారాలు చూశాను. ఒక్క ఆకు రాలేదు. ఎండిపోతోందనుకుని కత్తిరించేశాను. తెల్లటి పాలు కారాయి. ఆ కోతతో ఏం పోగొట్టుకున్నానో చాలాకాలానికి గానీ తెలియలేదు.

ఆ బోడి కొమ్మ ఆధారం కోసం వెతుక్కుంటున్న చెయ్యి. చార్లెస్ డార్విన్ జబ్బుపడి గది దాటలేని రోజుల్లో తీగల కదలికలు గమనించి, 1865లో ఎగబాకే మొక్కల మీద ఓ సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. అందులో హోయా బోడి కొమ్మ ప్రస్తావనా ఉంది. దాని దగ్గరి చుట్టం సెరోపీజియా తీగని ఆయన తన చదువుకునే బల్ల మీదే పెట్టుకున్నాడు. ఆ తీగ కొస గాలిలో తిరుగుతూ 5 అడుగులు మించిన వ్యాసంతో వలయం గీసింది. ఒక్క చుట్టుకి 5 నుంచి 7 గంటల లోపు. పగలూ రాత్రీ ఆగకుండా, చుట్టుకోవడానికి ఏదైనా తగులుతుందేమోనని. మనం పక్క గదిలో నిద్రపోతుంటే ఓ మొక్క ఇలా గది గాలినంతా తడుముతూ ఉంటుంది. ఈ సంగతి తెలిశాక నేను ఏ తీగ కొసనీ తొందరపడి తుంచలేదు.

మూడో ఏడాది మళ్లీ ఓ బోడి కొమ్మ సాచింది. ఈసారి దానికి ఓ ఇనప తీగ అందించాను. చుట్టుకుంది, ఆకులు వేసింది, ఓ కణుపు దగ్గర చిన్న కాడ పుట్టి, ఆ కాడ చివర గుండుసూది తలకాయలంత మొగ్గలు వచ్చాయి. పూలు రాలిపోయాక ఆ కాడ ఉత్త మోడులా మిగులుతుంది. దాన్నీ తుంచకూడదు. మరుసటి ఏడాది అదే కాడ చివరినుంచి మళ్లీ గుత్తి వస్తుంది. పూసిన ప్రతిసారీ కాడ కొంచెం పొడవెక్కి, రాలిన పూల గుర్తులు గాజుల వరసలా దాని మీద నిలిచిపోతాయి. మా కాడ మీద ఇప్పుడు నాలుగేళ్ల గుర్తులున్నాయి.

హోయా పువ్వుని మొదటిసారి దగ్గరగా చూసినప్పుడు ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో కాదు, మన రోడ్డు పక్క జిల్లేడు! చిన్నప్పుడు మొగ్గలు టప్పున పేల్చి ఆడుకున్న జిల్లేడు పువ్వులోనూ ఐదు రేకులు, వాటి మీద ఐదు పలకల కిరీటం. తుంచితే అవే పాలు. రెండూ ఒకే కుటుంబానివి. పుప్పొడి పంపే పద్ధతీ ఒకటే. మిగతా పూలలాగా పొడిగా రాల్చవు. పుప్పొడినంతా జంట సంచుల్లో మూటగట్టి, పైన చిన్న కొక్కెం పెట్టి ఉంచుతాయి. తేనె కోసం వాలిన పురుగు కాలు సందులోకి జారుతుంది. కాలు లాక్కుంటే కొక్కెం పట్టుకుని సంచుల జత కూడా వచ్చేస్తుంది. హోయా మూటలు పెద్ద రెక్కల చిమ్మటల కాళ్లకి తగులుకుని పువ్వునుంచి పువ్వుకి ప్రయాణిస్తాయని జపాన్ పరిశోధకులు 2017లో ప్రచురించారు. నా బాల్కనీలో రాత్రి తొమ్మిదింటికి వచ్చే పరిమళం నాకోసం కాదు. ఎక్కడి చిమ్మటకో పంపిన శుభలేఖ, దారిలో నేను చదివేశాను.

పూల తీగల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది రాధామనోహరం. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాడు గులాబీ రంగుకి తిరిగి, ఆపైన ఎర్రబడుతుంది. తెల్లగా ఉన్న రాత్రి చిమ్మటలు, రంగెక్కాక పగటి పురుగులు. కానీ అది హాల్లో పెట్టేది కాదు. దానికి ప్రహరీ గోడ కావాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ కావాలి.

ఎదురింటి అమ్మాయి ప్రశ్నకి జవాబు ఎండ దగ్గరే దొరికింది. మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు దాదాపు 1,00,000 లక్సులు ఉంటే, కిటికీకి దూరంగా గది లోపల కొన్ని వందలే. కనుపాప పెద్దదై సర్దుకుంటుంది కాబట్టి గది మనకి వెలుగ్గానే అనిపిస్తుంది. మొక్కకి కనుపాప లేదు. దాని అన్నం అక్షరాలా ఆ వెలుతురే. ఆకు వేయడానికి కొద్దిపాటి తిండి చాలు. పూలు పూసి, తేనె ఊరించి, రాత్రంతా పరిమళం పంచాలంటే తిండి మిగలాలి. చీకటి గదిలో పూల తీగని పెట్టి ఎందుకు పూయలేదని అడగడం, పస్తులున్న ఇంట్లో విందు పెట్టమనడమే. తెల్ల మచ్చలున్న మనీప్లాంట్ సంగతీ అంతే. ఆ తెలుపులో పచ్చదనం లేదు, అంటే ఆ భాగం వండదు, తింటుంది మాత్రం. పచ్చ భాగమే మొత్తం ఆకుని పోషించాలి. కాబట్టి నిండు పచ్చ తీగకంటే దానికి ఎక్కువ వెలుతురు కావాలి.

వాళ్ల హాలు చూశాను. ఒకే కిటికీ, ఉత్తరం వైపు, ఎదురుగా మరో అపార్ట్‌మెంట్ గోడ. "ఇక్కడ ఆకు తీగే పెట్టమ్మా," అన్నాను. "తూర్పు బాల్కనీ ఉన్న ఇంట్లోకి మారిన రోజున హోయా తెచ్చుకుందువుగాని. మూడేళ్లు ఓపిక పట్టాలి మరి. ఇంకోటి, మనీప్లాంట్ ఆకు నమిలితే నోరు మండుతుంది. లోపల సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. రేపు పాకే పాపాయి వస్తే పైన వేలాడదీసుకో." సిగ్గుపడి నవ్వింది.

వారం తరవాత నీళ్లు పోస్తుంటే నా మనీప్లాంట్ చివర రెండు కణుపుల మేర మాయమై ఉంది. కోత శుభ్రంగా, ఏటవాలుగా ఉంది. నేనేమీ అడగలేదు. వాళ్ల హాలు కిటికీలో ఓ గాజు సీసా కనిపించింది. అందులో ముక్క, ఒంటరి ఆకు. రోజూ ఆ ఆకు కొసకేసి చూసేదాన్ని. పొడిగానే ఉండేది. నీళ్లలో మునిగి ఉన్నా, వేళ్లు పుట్టి కిందినుంచి నెట్టే దాకా ఆ చుక్క రాదు.

మూడు వారాలు దాటాక ఒక తెల్లవారుజామున ఆరుకి కాలింగ్ బెల్ మోగింది. ఆ అమ్మాయి, రెండు చేతులా సీసా పట్టుకుని. అడుగున తెల్లటి వేళ్లు.

"అక్కా, ఆకు కొసన నీళ్లొచ్చాయి."