డేటాబేస్‌కి పెద్ద ‘ఏ’, చిన్న ‘ఏ’ ఒకటేనా? కేస్ సెన్సిటివిటీ సెట్టింగ్ మార్చే ముందు ఇది చదవండి

రాచర్లలో మా మామయ్యకి చిన్న మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఆ షాపు లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చింది నేనే. ఫ్రీగా రాసిచ్చాను కాబట్టి, ఏదైనా తేడా వస్తే తిట్లు కూడా నాకే. పోయినేడాది వేసవిలో అలా గట్టిగానే పడ్డాయి. కారణం వైరస్ కాదు, హార్డ్ డిస్క్ పోవడమూ కాదు. ఒక ఇంగ్లీష్ అక్షరం పెద్దదా, చిన్నదా అన్న తేడా. అంతే!

షాపు కోసమో, ట్యూషన్ సెంటర్ కోసమో సొంతంగా చిన్న సాఫ్ట్‌వేర్ రాసుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఈ ఆర్టికల్.

అసలేం జరిగింది?

మామయ్యది పాత పద్ధతి. రిపేరుకి వచ్చిన ఫోన్‌కి క్యాపిటల్ ఏ సిరీస్‌లో టోకెన్ ఇస్తాడు. ఛార్జర్, బ్యాటరీ లాంటి చిన్న వస్తువులకి స్మాల్ ఏ సిరీస్. అంటే క్యాపిటల్ ఏ-12 ఒక ఫోన్, స్మాల్ ఏ-12 ఒక ఛార్జర్. నోటుబుక్కులో ఎన్నేళ్లయినా ఇబ్బంది రాలేదు.

మొదట నేను ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఒక చిన్న యాప్ చేసిచ్చాను. లోపల డేటాబేస్ ఎస్‌క్యూలైట్. అదీ బాగానే నడిచింది. తర్వాత షాపుకి విండోస్ ల్యాప్‌టాప్ కొన్నారు. సరే, మైఎస్‌క్యూఎల్‌కి మారుద్దామని డేటా మొత్తం ఎక్కించబోతే ‘డూప్లికేట్ ఎంట్రీ’ అని ఎర్రర్ వచ్చింది. అప్పటికే అర్ధరాత్రి దాటింది. పొద్దున్నే షాపు తెరవాలి. ఆ ఎర్రర్ ఎందుకొచ్చిందో చూడకుండా టోకెన్ కాలమ్ మీదున్న యూనిక్ కీ తీసేశాను. డేటా ఎక్కింది. హాయిగా పడుకున్నాను.

కొన్నాళ్లకి ఎవరో స్మాల్ ఏ-12 ఛార్జర్ తీసుకెళ్లారు. షాపులో పనిచేసే కుర్రాడు ‘డెలివర్డ్’ బటన్ నొక్కాడు. డేటాబేస్ దృష్టిలో రెండు ఏ-12లూ ఒకటే కాబట్టి, రెండు వరుసలూ డెలివర్డ్ అయిపోయాయి. ఆ వారంలోనే పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన తన ఫోన్ కోసం వచ్చాడు.

“తాతా, నీ ఫోన్ మొన్ననే తీసుకెళ్లావు కదా” అన్నాడట కుర్రాడు.

“నేనెప్పుడు తీసుకున్నా నాయనా? స్లిప్పు ఇదిగో, నా చేతిలోనే ఉందే!”

మాటా మాటా పెరిగింది. నలుగురు చేరారు. చివరికి మామయ్య వచ్చి సొరుగంతా వెతికితే ఫోన్ అక్కడే ఉంది. డబ్బులు తీసుకోకుండా ఇచ్చి, క్షమించమని చెప్పి పంపాడు. ఆ రాత్రి నాకు ఫోన్. “ఏందిరా ఇది? నా నోటుబుక్కు ఒక్కనాడూ మనిషిని దొంగను చేయలా!”

దానికి నా దగ్గర సమాధానం లేదు.

కంప్యూటర్ ఎలా చూస్తుంది?

కంప్యూటర్ లోపల క్యాపిటల్ ఏ నంబర్ 65, స్మాల్ ఏ నంబర్ 97. నంబర్లు వేరు కాబట్టి రెండూ వేర్వేరు అక్షరాలే. కానీ మనుషులు వెతికేటప్పుడు ఆ తేడా పట్టించుకోరు. అందుకే డేటాబేస్‌లో ‘కొలేషన్’ అనే నియమం ఉంటుంది. రెండు పదాలను పోల్చేటప్పుడు ఏ తేడాలు లెక్కలోకి తీసుకోవాలి, ఏవి వదిలేయాలి, ఏది ముందు ఏది వెనక అని చెప్పేది అదే.

మైఎస్‌క్యూఎల్‌లో కొలేషన్ పేరు చివర చూస్తే చాలా వరకు విషయం తెలిసిపోతుంది. ‘సీఐ’ అని ఉంటే పెద్దా చిన్నా ఒకటే. ‘సీఎస్’ అంటే వేరు. ‘బిన్’ అంటే నేరుగా కోడ్ నంబర్లనే పోలుస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8లో డిఫాల్ట్‌గా వచ్చేది యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ. నేను ఏమీ మార్చలేదు కాబట్టి నాకు వచ్చిందీ అదే.

ఏ డేటాబేస్ ఎలా ఉంటుంది?

• ఎస్‌క్యూలైట్: మామూలు పోలికలో పెద్దా చిన్నా వేరు. ‘లైక్’ వాడి వెతికితే మాత్రం ఇంగ్లీష్ అక్షరాల వరకు రెండూ ఒకటే. తేడా వద్దనుకుంటే టేబుల్ తయారు చేసేటప్పుడే కాలమ్‌కి ‘నోకేస్’ కొలేషన్ ఇవ్వాలి. తర్వాత మార్చాలంటే కొత్త టేబుల్ చేసి డేటా కాపీ చేసుకోవాల్సిందే.
• మైఎస్‌క్యూఎల్: డిఫాల్ట్‌గా డేటాలో తేడా చూడదు.
• పోస్ట్‌గ్రెస్: డిఫాల్ట్‌గా తేడా చూస్తుంది. వద్దనుకుంటే ‘సీఐటెక్స్ట్’ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. వెతకడం వరకే అయితే ‘ఐలైక్’ చాలు.
• ఎస్‌క్యూఎల్ సర్వర్: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎంచుకున్న కొలేషనే సర్వర్ మొత్తానికి డిఫాల్ట్. ఒక్కో కాలమ్‌కి విడిగా మార్చుకోవచ్చు.

ఎస్‌క్యూలైట్ నుంచి మైఎస్‌క్యూఎల్‌కి రావడంతో నా డేటా మారలేదు, పోల్చే నియమం మారింది. ఆ రాత్రి వచ్చిన ఎర్రర్ చెప్పింది అదే, నేనే వినలేదు.

నేను ఎలా సరిచేశాను?

1. ముందు బ్యాకప్. ఇది లేకుండా కొలేషన్ జోలికి పోవద్దు.

2. టోకెన్ కాలమ్ ఒక్కదాన్నే యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఎస్_సీఎస్‌కి మార్చాను. దీనికి ‘ఆల్టర్ టేబుల్’లో ‘మాడిఫై’ వాడాలి. ఇక్కడొక జాగ్రత్త: మాడిఫై రాసేటప్పుడు కాలమ్ వివరాలన్నీ మళ్లీ రాయాలి. ‘నాట్ నల్’ రాయడం మర్చిపోతే ఆ నియమం పోతుంది.

3. తీసేసిన యూనిక్ కీని మళ్లీ పెట్టాను.

4. ఒకే టోకెన్ పెద్ద, చిన్న అక్షరాల్లో ఉండి, రెండూ ఒకే క్షణంలో డెలివర్డ్ అయిన వరుసలను వెతికి, మామయ్య దగ్గరున్న స్లిప్పులతో సరిపోల్చాను.

5. ప్రోగ్రామ్‌లో ఒక తనిఖీ పెట్టాను. ఒక్క టోకెన్ మారిస్తే ఒక్క వరుసే మారాలి. ఎన్ని వరుసలు మారాయో మైఎస్‌క్యూఎల్ ప్రతిసారీ చెబుతుంది. అంతకుముందు నేను ఆ అంకె చూడనే లేదు.

డేటాబేస్ డిఫాల్ట్ కొలేషన్ మారిస్తే సరిపోతుంది కదా అనుకోవద్దు. అది ఇకపై తయారయ్యే టేబుళ్లకే. పాత టేబుళ్లు, పాత కాలమ్‌లు పాత నియమంతోనే ఉంటాయి. పైగా రెండు టేబుళ్లను కలిపే కాలమ్‌లకి వేర్వేరు కొలేషన్‌లు ఉంటే ‘ఇల్లీగల్ మిక్స్ ఆఫ్ కొలేషన్స్’ అనే ఎర్రర్ వస్తుంది. మారిస్తే రెండు చోట్లా మార్చాలి.

తేడా చూసే కాలమ్‌ని తేడా చూడనిదిగా మార్చాలనుకుంటే రిస్క్ ఇంకా ఎక్కువ. ముందు అన్ని విలువలనూ చిన్న అక్షరాలకి మార్చి ‘గ్రూప్ బై’ చేసి, ఒకటి కంటే ఎక్కువ ఉన్నవాటిని చూడండి. ఒక్కటి కనిపించినా ఆగి, అవి నిజంగా ఒకటేనా అని మనిషిని అడగండి.

మరి అన్నీ సెన్సిటివ్ చేసేద్దామా?

వద్దు. ఊరి పేరు కాలమ్ చూడండి. ఫోన్ కీబోర్డ్ మొదటి అక్షరాన్ని దానంతటదే క్యాపిటల్ చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో కుర్రాడు అన్నీ చిన్న అక్షరాల్లోనే కొడతాడు. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంటే అన్నీ పెద్దవే. రాచర్ల మూడు రకాలుగా ఎక్కుతుంది. ఇక్కడ తేడా చూడకపోవడమే మంచిది. మనుషుల పేర్లు, ఈమెయిల్ కూడా అంతే. టోకెన్‌లు, కూపన్ కోడ్‌లు, షార్ట్ లింకుల లాంటివి సెన్సిటివ్‌గా ఉండాలి. అంటే ఈ నిర్ణయం డేటాబేస్‌కి ఒకటి కాదు, కాలమ్‌కి ఒకటి.

ఒక మాట గుర్తుంచుకోండి. గిద్దలూరు పేరు చివర ఇంగ్లీష్‌లో ‘యు’ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. స్పెల్లింగ్ తేడాని కొలేషన్ సరిచేయదు. దానికి ఊళ్ల లిస్టు పెట్టి అందులోంచే ఎంచుకోమనాలి.

టేబుల్ పేర్ల సంగతి వేరే

తర్వాత ఇదే ప్రోగ్రామ్‌ని లినక్స్ సర్వర్‌కి మార్చినప్పుడు మళ్లీ దెబ్బ తగిలింది. ఈసారి ‘టేబుల్ లేదు’ అని ఎర్రర్. టేబుల్ కళ్లముందే ఉంది! కారణం లోయర్_కేస్_టేబుల్_నేమ్స్ అనే సెట్టింగ్. విండోస్‌లో దీని డిఫాల్ట్ 1, అంటే పేర్లు చిన్న అక్షరాల్లో దాచి, తేడా చూడకుండా వెతుకుతుంది. లినక్స్‌లో 0, అంటే తేడా చూస్తుంది. మ్యాక్‌లో 2. నా కోడ్‌లో టేబుల్ పేరు క్యాపిటల్‌తో మొదలైంది, విండోస్ నుంచి వచ్చిన బ్యాకప్‌లో చిన్న అక్షరంతో ఉంది.

మైఎస్‌క్యూఎల్ 8లో ఈ సెట్టింగ్‌ని సర్వర్ మొదటిసారి తయారయ్యేటప్పుడే ఇవ్వాలి. తర్వాత మారిస్తే సర్వర్ స్టార్టే కాదు. డేటా బ్యాకప్ తీసి, సర్వర్‌ని మొదటి నుంచి తయారు చేసి, మళ్లీ ఎక్కించాలి. నేను అంత దూరం పోలేదు. కోడ్‌లో టేబుల్ పేర్లన్నీ చిన్న అక్షరాలకి మార్చేశాను. మీరూ మొదటి రోజు నుంచే అలా రాసుకుంటే ఈ సెట్టింగ్‌తో పనే పడదు. కాలమ్ పేర్లకి మాత్రం మైఎస్‌క్యూఎల్‌లో ఎక్కడా ఈ బాధ లేదు.

చివరిగా

ఇదంతా అయ్యాక మామయ్యకి కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని, “మన తెలుగులో పెద్ద అ, చిన్న అ లేవు కదరా. తెలుగులోనే రాస్తే పోలా?” అన్నాడు.

నిజమే. ఇప్పుడు షాపులో స్లిప్పుల మీద ఫోన్‌కి ‘ఫో-12’, ఛార్జర్‌కి ‘ఛా-12’ అని ప్రింట్ అవుతోంది. టైప్ చేసే పని లేకుండా స్క్రీన్ మీద రెండు బటన్లు పెట్టాను. సీఎస్ కొలేషన్, యూనిక్ కీ అలాగే ఉన్నాయి. ఎర్రర్ వస్తే మాత్రం ఇప్పుడు పూర్తిగా చదివాకే పడుకుంటున్నాను.