ఓడ ఆగిన పూట శాంటోరిని

శాంటోరినికి వచ్చే క్రూయిజ్ ఓడలు గట్టుకు ఆనుకుని ఆగవు. ఆగే వీలు అక్కడ లేదు. గ్రీస్‌కు చెందిన ఈ ద్వీపం, ఒక పెద్ద అగ్నిపర్వతం పేలి నడుమ భాగం కుంగిపోగా మిగిలిన అంచు. కుంగిన చోట సముద్రం నిండింది. కాల్డెరా అని పిలిచే ఆ గుంట పొడవు సుమారు 12 కిలోమీటర్లు, వెడల్పు 7 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 400 మీటర్లకు దగ్గర. అందుకే ఓడలు నీళ్ల మధ్యలోనే నిలిచిపోతాయి. టెండర్లు అనే చిన్న పడవలు ప్రయాణికులను ఫిరా పట్టణం కింద ఉన్న పాత రేవులో దింపుతాయి. పట్టణం మాత్రం నిట్టనిలువు కొండ కొమ్మున, 200 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. ఓడ కంపెనీ అమ్మే టూరు తీసుకోకుండా సొంతంగా తిరగాలనుకునేవారి రోజు ఎలా గడుస్తుందో తేల్చేది ఈ కొండే.

పైకి వెళ్లడానికి మూడు దారులున్నాయి. కేబుల్ కారు మూడు నిమిషాల్లో ఎక్కిస్తుంది. కానీ ఒక విడతకు ఆరేసి మంది పట్టే ఆరు పెట్టెలు, అంటే 36 మంది. మూడు వేల మంది ఉన్న ఒక్క ఓడ ఖాళీ కావాలంటేనే 80కి పైగా విడతలు పడతాయి. వేసవిలో ఒకే పూట మూడు నాలుగు ఓడలు వచ్చే రోజులుంటాయి. ద్వీపంలో కాపురముండేవారు 15 వేల పైచిలుకు మందే. ఈ ఒత్తిడి వల్లే 2025 నుంచి రోజుకు 8,000 మంది ఓడ ప్రయాణికులకు మించకుండా రాకలను కేటాయించే పద్ధతి పెట్టారు. అదే ఏడాది గ్రీస్ ప్రభుత్వం క్రూయిజ్ ప్రయాణికులపై రుసుము తెచ్చింది. రద్దీ నెలల్లో శాంటోరిని, మైకొనోస్ ద్వీపాలకు అది తలకు 20 యూరోలు.

రెండో దారి మెట్లు. 580కి పైగా ఉన్నాయి. వెడల్పుగా, ఏటవాలుగా, రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి. నీడ ఉండదు. మూడో దారి గాడిదలు, కంచరగాడిదలు. అవీ ఈ మెట్ల మీదే నడుస్తాయి కాబట్టి నడిచేవారు వాటికి పక్కకు తప్పుకోవాలి, పేడలో జారకుండా చూసుకోవాలి. గాడిద మోసే బరువు 100 కిలోలకు గానీ, దాని ఒంటి బరువులో ఐదో వంతుకు గానీ మించరాదని 2018లో గ్రీస్ నియమం పెట్టింది. ఎండలో రోజంతా బరువులు మోస్తున్న ఆ మూగజీవాలను చూసినవారికి వాటిపై ఎక్కాలని అనిపించదు. ఎక్కకపోవడమే మంచిది.

ఇంతకీ ప్రణాళిక ఉదయం నుంచి కాక సాయంత్రం నుంచి మొదలుపెట్టాలి. ఓడ బయల్దేరే వేళ ఒకటి, పాత రేవు నుంచి చివరి టెండరు కదిలే వేళ ఇంకొకటి. లెక్కలోకి తీసుకోవలసింది రెండోదాన్నే. చివరి టెండరు సాయంత్రం నాలుగున్నరకు అనుకుంటే, నాలుగింటికల్లా రేవులో ఉండాలి. దిగేటప్పుడు కేబుల్ కారు దగ్గర వరుస గంటకు పైగా సాగవచ్చు. కాబట్టి రెండున్నరకు, ఆలస్యమైతే మూడింటికి ఫిరాలో వరుస చివర నిలబడాలి. ఓయా ఊరి నుంచి తిరిగొచ్చే బస్సుకు అరగంట పడుతుంది. మొదటి బస్సు నిండిపోతే తర్వాతి బస్సు దాకా ఆగాలి. ఆ లెక్కన ఒంటిగంటకే ఓయా బస్టాపులో ఉండాలి. వరుస మరీ పొడవుగా ఉండి, మోకాళ్లు బాగుంటే, మెట్ల మీదుగా అరగంట నుంచి ముప్పావుగంటలో దిగిపోవచ్చు. అత్యవసరానికి ఈ దారిని గుర్తుంచుకోవడం అవసరం.

ఉదయం పూట కూడా ఓడ టూర్లు కొన్నవారిదే మొదటి వంతు. వాళ్లను సాధారణంగా అథీనియోస్ అనే మరో రేవులో దింపి, అక్కడ సిద్ధంగా ఉంచిన బస్సుల్లో తీసుకెళ్తారు. మిగిలినవారికి టెండరు నంబర్లు ఇస్తారు. నంబరు ఎంత ముందుదైతే కేబుల్ కారు దగ్గర అంత తక్కువ నిరీక్షణ. అందుకే ఆ ఉదయం ఫలహారం తొందరగా ముగించి నంబరు కోసం వెళ్లడం ద్వీపం మీద గంట సమయాన్ని మిగులుస్తుంది. వాచీలు, ఫోన్లు ఓడ సమయానికే ఉన్నాయా, స్థానిక సమయానికి మారాయా అన్నది కూడా దిగకముందే సరిచూసుకోవాలి.

ద్వీపంలో బస్సులన్నీ ఫిరా బస్టాండు నుంచే బయల్దేరుతాయి. ఉత్తరాన ఓయాకు, దక్షిణాన అక్రోతిరికి, నల్ల ఇసుక తీరాలైన పెరిస్సా, కమారిలకు విడివిడిగా నడుస్తాయి. ఓయా నుంచి అక్రోతిరికి పోవాలంటే మళ్లీ ఫిరాకొచ్చి బస్సు మారాల్సిందే. టికెట్ బస్సులోనే కండక్టరు ఇస్తాడు, చిల్లర యూరోలు చేతిలో ఉంటే సులువు. టాక్సీలు తక్కువ, ఓడలున్న రోజున దొరకడం కష్టం. కారు గానీ నాలుగు చక్రాల క్వాడ్ బైక్ గానీ అద్దెకు తీసుకోవాలనుకునే భారతీయులు బయల్దేరకముందే ఆర్టీఓ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. మన లైసెన్సు ఒక్కటే చాలదు. కొండ అంచు రోడ్లు, తెలియని బండి, కుడివైపు నడిచే ట్రాఫిక్ కలిస్తే క్వాడ్ బైక్ ప్రమాదకరం. బస్సు మేలు.

ఆరేడు గంటల్లో ఒక ప్రధాన స్థలం, దానికి తోడు ఫిరా. అంతకుమించి పెట్టుకుంటే బస్సుల్లోనే పొద్దు గడుస్తుంది. చాలామంది ఓయాకే పరుగెత్తుతారు. తెల్లని ఇళ్లు, నీలి గుమ్మటాలు నిజంగానే అందమైనవి. కానీ పదింటి తర్వాత ఆ సందుల్లో భుజాలు రాసుకుంటూ నడవాలి. అక్కడి సూర్యాస్తమయం కోసం ఆశపడేవారు ముందుగా ఓడ వేళలు చూసుకోవాలి. జులైలో పొద్దు గుంకేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, చాలా ఓడలు అప్పటికే కదిలిపోతాయి. ఓయానే చూడాలనుకుంటే పాత రేవు నుంచే నేరుగా అక్కడికి పడవలో తీసుకెళ్లి, కింది నుంచి ఊళ్లోకి బస్సులో చేర్చే ఏర్పాటు ఉంది. ఉదయం వరుస తప్పుతుంది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఫిరాకు రావచ్చు.

చరిత్ర మీద కాస్తయినా మక్కువ ఉన్నవారు అక్రోతిరికి వెళ్లాలి. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో జరిగిన విస్ఫోటంలో బూడిద కింద పూడిపోయిన పట్టణం ఇది. గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త స్పిరిడాన్ మరినాటోస్ 1967లో తవ్వకాలు మొదలుపెట్టి, 1974లో ఆ తవ్వకాల దగ్గరే చనిపోయాడు. ఇప్పుడు మొత్తం స్థలం మీద కప్పు ఉంది కాబట్టి మధ్యాహ్నం ఎండలోనూ ఇబ్బంది ఉండదు. నడకదారి పైనుంచి చూస్తే రెండు మూడంతస్తుల గోడలు, రాతి కిటికీ చట్రాలు, వీధి కింద మురుగుకాలువ, ఒక గదిలో వరుసగా పేర్చిన నిలువెత్తు మట్టి కాగులు కనిపిస్తాయి. ఒకచోట రాతి మెట్లు భూకంపపు అదురుకు నడిమికి విరిగి అలాగే ఉన్నాయి. విస్ఫోటంలో చనిపోయినవారి అస్థిపంజరాలు ఇక్కడ దొరకలేదు. ముందే భూమి అదరడం గమనించి జనం ఊరు ఖాళీ చేశారని పండితుల భావన. గోడల మీది చిత్రాలు మాత్రం ఇక్కడ లేవు. నీలి కోతుల చిత్రం ఫిరాలోని చరిత్రపూర్వ థీరా మ్యూజియంలో ఉంది. 1999లో దొరికిన చిన్న బంగారు కొండమేక బొమ్మా అక్కడిదే. మరికొన్ని చిత్రాలు ఏథెన్సుకు చేరాయి. మ్యూజియం ఫిరా బస్టాండుకు నడిచిపోయేంత దగ్గర కనుక అక్రోతిరి, మ్యూజియం కలిస్తే ఒక పూటకు నిండుగా సరిపోతాయి. రెండింటికీ వారపు సెలవులుంటాయి, ఓడ వచ్చే రోజు అవి తెరిచి ఉంటాయా అన్నది ముందే చూసుకోవాలి.

నడక ఇష్టమైనవారికి ఫిరా నుంచి ఓయా దాకా కాల్డెరా అంచున సుమారు 10 కిలోమీటర్ల కాలిబాట ఉంది. మూడు నాలుగు గంటలు పడుతుంది. టెండరు నంబరు ముందు దొరికితేనే దీనికి పూనుకోవాలి. నీళ్లు, టోపీ తప్పనిసరి. కుళాయి నీళ్లు తాగడానికి పనికిరావు.

తిండి విషయంలో శాకాహారులకు చింత లేదు. ఫావా అనే పసుపు పప్పు ఈ ద్వీపపు పంట. ఉడికించి మెత్తగా మెదిపి, పైన ఆలివ్ నూనె, ఉల్లి ముక్కలు వేసి ఇస్తారు. మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టమే. చిన్న టమాటాలతో వేసే వడలూ దొరుకుతాయి. కొండ అంచున బల్లలున్న హోటళ్లలో ధర దృశ్యానికీ కలిపి ఉంటుంది. రెండు సందులు లోపలికి వెళితే తగ్గుతుంది.

జులై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. అది బలంగా ఉంటే టెండర్లు నడపలేక ఓడ శాంటోరినిని వదిలేసి సాగిపోతుంది. కాబట్టి సొంతంగా బుక్ చేసుకునే కారు, గైడు, పడవ ఏదైనా, ఓడ రాకపోతే డబ్బు వెనక్కిచ్చే షరతు ఉన్నదే ఎంచుకోవాలి.

ఓడ టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. తప్పిపోతే తర్వాతి రేవుకు చేరే ఖర్చంతా ప్రయాణికుడిదే. ఓడలో రోజూ ఇచ్చే కాగితంలో స్థానిక పోర్ట్ ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది. దాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలూ, ఒక బ్యాంకు కార్డూ ఒంటిమీద ఉండాలి. తర్వాతి మజిలీ గ్రీకు ద్వీపమే అయితే అథీనియోస్ నుంచి ఫెర్రీ దొరకవచ్చు. అది టర్కీలోని కుషాదసి అయితే విమానాలు మారాలి, టర్కీ వీసా వేరుగా ఉండాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఇది ఇంటి దగ్గరే ఆలోచించుకోవాలి: గ్రీస్ నుంచి టర్కీకి పోయి మళ్లీ గ్రీస్‌కు వచ్చే ఓడకు, ఒకటికి మించి ప్రవేశాలు అనుమతించే షెంగెన్ వీసానే తీసుకోవాలి.