కనిపించని వాయువుకు పటం

నెల్లూరు సీమ పడమటి దిక్కున కలువాయి, రాపూరు, ఆత్మకూరు ప్రాంతాల్లో నేలమీద తళతళ మెరిసే రేకులు కనిపిస్తాయి. అదే కాకిబంగారం, అంటే అభ్రకం. నెల్లూరు అభ్రకం దొరికే ముతక రాళ్ళలో అక్కడక్కడ సమర్‌స్కైట్ అనే నల్లని ఖనిజం కూడా ఉంటుంది. అందులో యురేనియం ఉంది. ఆ మాటకొస్తే మామూలు గ్రానైటులోనూ, మట్టిలోనూ కూడా యురేనియం లేశమాత్రంగా ఉంటుంది.

యురేనియం మెల్లమెల్లగా విచ్ఛిన్నమవుతూ, కొన్ని దశలు దాటి రేడియంగా మారుతుంది. రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. రేడాన్ వాయువు గనుక నేల సందుల్లోంచి పైకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో కలిసి పలచబడిపోతుంది. ఇంటి నేల పగుళ్ళలోంచి వస్తేనో? తలుపులూ కిటికీలూ మూసి ఉంటే గదిలోనే పోగవుతుంది.

రేడాన్‌లో సగభాగం 3.8 రోజుల్లో విచ్ఛిన్నమవుతుంది. అప్పుడు పుట్టే పొలోనియం వంటి పదార్థాలు దుమ్ముకు అంటుకొని ఊపిరితిత్తుల్లో చేరి, ఆల్ఫా కణాలను వెదజల్లుతాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే కాన్సరు రావచ్చు. పొగతాగేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఇళ్ళలో ఘనపు మీటరు గాలికి రేడాన్ 100 బెకరెల్‌లు మించకుండా చూడడం మంచిదని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం.

"రాళ్ళను చూసి ఏ ఇంట్లో రేడాన్ ఎంతో చెప్పేయవచ్చు కదా?" అని మీరు అడగవచ్చు. చెప్పలేము. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు అణువిద్యుత్ కేంద్రంలోకి రాగానే హెచ్చరిక గంట మోగింది. విచిత్రమేమంటే, ఆయన ఒంటికి అంటినది కేంద్రంలోది కాదు, సొంత ఇంటిలోది! ఆ ఇంట్లో రేడాన్ విపరీతంగా ఉంది. పక్క ఇళ్ళలో అంత లేదు. నేల పగుళ్ళు, గాలి వెలుతురు, ఋతువు, ఇవన్నీ లెక్కకు వస్తాయి. అందుకే ఇల్లిల్లూ కొలవాలి.

కొలవడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. చిన్న డబ్బాలో ప్రత్యేకమైన ప్లాస్టిక్ ఫిల్ము ముక్కను ఉంచి గదిలో మూడు నెలలు వేలాడదీస్తారు. ఆల్ఫా కణాలు దానిమీద కంటికి కనిపించని గాట్లు పెడతాయి. ఫిల్మును వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచితే గాట్లు పెద్దవవుతాయి. సూక్ష్మదర్శినిలో వాటిని లెక్కపెట్టి రేడాన్ ఎంతో చెబుతారు. ఋతువు మారినప్పుడల్లా మళ్ళీ కొలుస్తారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్తలు హైదరాబాదు ఇళ్ళలోనూ, గోదావరిఖని బొగ్గు గనుల్లోనూ రేడాన్‌ను కొలిచారు. ఇటువంటి కొలతలను ఊరూరా గుర్తిస్తూ పోతే రేడాన్ పటం తయారవుతుంది.

కాకిబంగారం మెరిసిందని భయపడనూ వద్దు, మెరవలేదని ధీమాగా ఉండనూ వద్దు. పటం కూడా మీ ఇంటి సంగతి చెప్పదు. ముందుగా ఎక్కడ కొలవాలో మాత్రమే చెబుతుంది. ఎక్కువని తేలినా ఊరు విడిచి పోనక్కరలేదు. నేల పగుళ్ళను సిమెంటుతో పూడ్చి, గదిలోకి గాలి ధారాళంగా వచ్చేట్టు చేస్తే రేడాన్ తగ్గుతుంది. మరి మీరు చేయగల పని? మీ వీధి పటం గీసి, ఏ ఇంటికి మట్టినేల, ఏ ఇంటికి బండల నేల, ఎన్ని కిటికీలు, చలికాలం రాత్రి ఎన్ని మూస్తారు అన్నది గుర్తించండి. రేపు కొలిచేందుకు ఎవరైనా వస్తే వారికి మొదట కావలసినవి ఈ వివరాలే.