పెద్ద టైర్లు వేయిస్తే మైలేజీ ఎందుకు పడిపోతుంది? వేయించే ముందు ఈ లెక్కలు చూసుకోండి

థార్ లాంటి జీపు ఇంటికి రాగానే చాలామంది కుర్రాళ్లు చేసే మొదటి పని కంపెనీ టైర్లు తీసేసి పెద్దవి వేయించడం. గల్ఫ్‌లో ఇసుక దిబ్బలపై తిరిగే బండ్లను చూసి వచ్చినవారికీ ఈ మోజు ఎక్కువే. చూడటానికి బండి గంభీరంగా ఉంటుంది, నిజమే. కానీ నెల తిరిగేసరికి డీజిల్ ఖర్చు పెరిగిందని ఇంట్లో గొడవ మొదలవుతుంది. ఇందులో ఎంత నిజం, ఎంత మీటర్ మాయ?

టైరు మీద ఉన్న అంకెలు ఏం చెబుతాయి?

2020లో వచ్చిన మూడు తలుపుల మహీంద్రా థార్ పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన టైరు 255/65 ఆర్18. అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రిమ్ము 18 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. చాలామంది దీని బదులు రిమ్ములతో సహా మార్చి 285/70 ఆర్17 వేయిస్తారు. దాని ఎత్తు సుమారు 831 మిల్లీమీటర్లు. తేడా 5.3 శాతం.

అయితే బండి నేల నుంచి లేచేది ఇందులో సగమే, అంటే 21 మిల్లీమీటర్లు. రెండు సెంటీమీటర్ల ఎత్తు కోసమే ఇంత ఖర్చు అన్నమాట.

మైలేజీ తగ్గేది ఇందుకే

మొదటిది బరువు. పెద్ద టైరు ఒక్కోటి కొన్ని కిలోలు ఎక్కువ తూగుతుంది. ఇది డిక్కీలో పెట్టిన సామాను బరువు లాంటిది కాదు. బండి ముందుకు కదలడమే కాదు, ఈ బరువును గిరగిరా తిప్పాలి కూడా. అందుకే సిగ్నల్ దగ్గర ఆగి కదిలిన ప్రతిసారీ ఇంజిన్ ఎక్కువ కష్టపడుతుంది. సిటీలో తేడా బాగా తెలిసేది ఇక్కడే.

రెండోది రోడ్డు రాపిడి. బురద కోసం చేసిన పెద్ద గడుల టైర్లు తారు రోడ్డుపై ఎక్కువగా నలుగుతాయి. ఆ నలుగుడుకు పోయేది మన ఇంధనమే.

మూడోది గాలి. టైరు వెడల్పు, బండి ఎత్తు పెరిగితే ఎదురుగాలి ఎక్కువ తగులుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లు అవుతుంది కాబట్టి హైవేపై ఈ దెబ్బ గట్టిగా ఉంటుంది.

నాలుగోది గేరు. టైరు పెద్దదైతే కిలోమీటరుకు ఇంజిన్ తిరిగే చుట్లు తగ్గుతాయి, మైలేజీ పెరగాలి కదా అని కొందరు వాదిస్తారు. కానీ నేలపై పడే తోపుడు బలం కూడా అంతే తగ్గుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కింది గేరు వేయాలి, యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కాలి. వచ్చిన లాభం అక్కడే పోతుంది.

మీటర్ చెప్పేది మొత్తం నిజం కాదు

బండి మీటర్ చక్రం చుట్లు లెక్కపెట్టి దూరం చెబుతుంది. టైరు మారిన సంగతి దానికి తెలియదు. అందుకే 500 కిలోమీటర్లు చూపిస్తే బండి నిజంగా తిరిగింది సుమారు 526.

ఉదాహరణకు, ఇంతకుముందు 50 లీటర్లకు 600 కిలోమీటర్లు వచ్చేది, అంటే లీటరుకు 12. ఇప్పుడు మీటర్ 500 చూపిస్తోంది, అంటే 10. కానీ అసలు మైలేజీ 10.5. మీటర్ రెండు కిలోమీటర్లు పోయాయంటుంది, నిజంగా పోయింది ఒకటిన్నర. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఇది దాదాపు 12 లీటర్ల అదనపు ఖర్చు. లీటరు 100 రూపాయలు అనుకున్నా ఏడాదికి 14 వేలు పైమాటే.

వేగం విషయంలోనూ ఇదే తిరకాసు. మీటర్ 80 చూపించేటప్పుడు బండి అంతకుముందు కంటే 5 శాతం ఎక్కువ వేగంతో వెళుతుంటుంది. బరువైన చక్రాలను ఆపడానికి బ్రేకులకూ ఎక్కువ పని. వెనక సీట్లో పిల్లలు ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

వేయించాల్సిందే అంటే

ముందుగా, కంపెనీ అనుమతించిన సైజులు ఏవో సర్వీస్ సెంటర్‌లో అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా పేచీ రావచ్చు. మార్పుకు ముందే బీమా కంపెనీని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

మైలేజీ చూడాలంటే ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నింపేదాకా తిరిగిన దూరాన్ని ఫోన్‌లో జీపీఎస్‌తో కొలవండి. గాలి కూడా మరవొద్దు. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. ఇసుకలో గాలి తగ్గించినవారు రోడ్డెక్కే ముందు మళ్లీ కొట్టించాలి.

వారాంతంలో అనంతగిరి కొండల దాకా వెళ్లొచ్చే బండికి కంపెనీ సైజులోనే మంచి ఆల్ టెర్రైన్ టైర్లు సరిపోతాయి. మీటర్ సరిగ్గా చూపిస్తుంది, పట్టు దొరుకుతుంది, జేబుకూ భారం తక్కువ.