పాపాయిని ఊఁ కొట్టనివ్వండి

ఇంట పసిపాప పుట్టినదనగానే ఆటవస్తువులు కొనడానికి బజారుకు పరుగెత్తడం మనలో పరిపాటి. రంగురంగుల గిలక్కాయలు, ఊయలకు కట్టే చిలుకలు, మీట నొక్కితే పాడే బొమ్మలు ఇల్లంతా నిండిపోతాయి. వాటిని చూచి పెద్దలు మురిసిపోతారు గాని, పాపాయి వాటి వంక కన్నెత్తి చూడదు. ఆ పసికందు చూడగోరేది ఒక్కటే: తనను ఎత్తుకొన్నవారి ముఖం.

ఇది కవుల చమత్కారం కాదు. అప్పుడే పుట్టిన శిశువు కంటికి సుమారు 8 నుండి 12 అంగుళాల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. అంతకు మించినదంతా మసక. ఒడిలోని బిడ్డకూ తల్లి ముఖానికీ నడుమ ఉండే దూరం కూడ ఇంచుమించు అంతే గదా! ఇక వినికిడి సంగతి మరింత వింత. గర్భవాసపు చివరి నెలలలోనే బిడ్డ తల్లి గొంతు వింటుంది. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు పుట్టి మూడు దినాలైనా నిండని శిశువులను పరీక్షించారు. పాలపీకను ఒక తీరున చప్పరిస్తే తల్లి గొంతు, మరొక తీరున చప్పరిస్తే వేరొక స్త్రీ గొంతు వినిపించే ఏర్పాటు చేశారు. పసివారు తల్లి గొంతు వినిపించే తీరునే ఎక్కువగా ఎన్నుకొన్నారు.

తల్లికి ఈ పరిచయం పుట్టుకకు ముందే ఏర్పడుతుంది. తండ్రి దానిని ఆ తరువాత సంపాదించుకోవాలి. మన ఇండ్లలో లోటు ఇక్కడనే ఉన్నది. తొలికాన్పు పుట్టింట జరుగుతుంది. తండ్రి చుట్టపుచూపుగా వచ్చి, దూరంనుండి చూచి, వెళ్ళిపోతాడు.

నేను తండ్రినైన నాటి మాట చెబుతాను. పెద్దల ఎదుట కన్నబిడ్డను ఎత్తుకొని ముద్దాడడం మగవానికి మర్యాద కాదనే ఇంట పెరిగినవాడను. తరగతిలో ఉత్పలమాలకు గణవిభజన చేసి చూపేవాడినే గాని, ఇంట ఊయలలోని కూతురితో ఒక్క మాట ఆడి ఎరుగను. మాటలు వచ్చిన తరువాత మాటలాడవచ్చునులే అనుకొన్నాను. మాటలు వచ్చాయి; అవన్నీ ఆమె తల్లితోనే చెప్పుకొన్నది. ఈనాటికీ ఫోనులో నా క్షేమమడిగి, "అమ్మకివ్వండి నాన్నగారూ" అంటుంది. ఆ మాటలో తప్పు లేదు, తప్పు నాది.

ఆ కూతురే కిందటేడు పురిటికి మా ఇంటికి వచ్చి ఆడపిల్లను కన్నది. అల్లుడుగారి ఉద్యోగం హైదరాబాదులో. సెలవు దొరికినప్పుడు విజయవాడకు రైలెక్కి వచ్చేవారు. బిడ్డను చేతికిస్తే గాజుబొమ్మను పట్టుకొన్నట్లు బిగుసుకుపోయేవారు. పాప గుక్కపట్టేది. వెంటనే ఎవరో ఒకరు అందుకొనేవారు. అది చూచినప్పుడు నా వయసులో పాతికేళ్ళు వెనుకకు జరిగినట్లయింది.

మా అమ్మ ఇదంతా గమనించింది. ఒక ఉదయం ఆమె పీటమీద కూర్చుండి, చాచిన కాళ్ళపై పాపను పడుకోబెట్టి నూనె రాస్తూ ఆయనను దగ్గరకు పిలిచింది.

"నాయనా, మోయడం తరువాత నేర్చుకుందువుగాని, ముందు దానితో మాట్లాడు."

"ఏం మాట్లాడను బామ్మగారూ? దానికేం తెలుస్తుంది?"

"దానికి నీ మాటతో పనేమిటి? నీ గొంతుతో పని. ఒక మాట అను, ఆగు. అదీ ఊఁ కొడుతుంది."

ఆ "ఆగు" అన్న మాటలోనే సర్వస్వమూ ఉన్నది. మా అమ్మ పాప అరచేతిని తాకి "చెయ్యేదమ్మా?" అని ఊరుకొనేది. పాప ఆమె ముఖం వంక చూచి, కాళ్ళాడించి, రెండు క్షణాలకు "ఊఁ" అనేది. అప్పుడు గాని రెండవ ప్రశ్న లేదు. పసివారికి జవాబివ్వడానికి వ్యవధి కావాలి. ప్రశ్న వేసి జవాబుకు ఆగని తరగతి ఎట్లుంటుందో ఉపాధ్యాయ మిత్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

జవాబు రాకపోతే బిడ్డ ఏమవుతుంది? ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1978లో దీనిని ప్రకటించారు. బిడ్డతో ఆడుతూ ఉన్న తల్లిని కొద్ది నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చోమన్నారు. బిడ్డ నవ్వి పిలిచింది. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది. ఫలించక చివరకు ముఖం తిప్పుకొన్నది. ఒడిలో బిడ్డ, చేతిలో ఫోను, చూపంతా ఫోనులో ఉన్న నేటి మన రూపాన్ని పాపాయి కంటితో ఒకసారి ఊహించుకోండి.

ఆటలకు ఖర్చు లేదు. మొదటి నెలలలో మీ ముఖమే బొమ్మ, మీ గొంతే వాద్యం. ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య పాప మనలను చూచి నవ్వసాగుతుంది; ఆ నవ్వుకు బదులు నవ్వడమే ఒక ఆట. రెండు మూడు నెలలకు గిలక్కాయను కంటి ఎదుట మెల్లగా జరిపితే చూపు దానివెంట సాగుతుంది. మెలకువగా ఉన్నప్పుడు తండ్రి తన రొమ్ముపై బోర్లా పడుకోబెట్టుకొంటే మెడ బలపడుతుంది. బోర్లా పడినందుకు బొబ్బట్లు, అడుగులు వేసినందుకు అరిసెలు పంచే జాతి మనది! ఆరేడు నెలలకు దోబూచులాట రుచిస్తుంది. చెంగుచాటున దాగిన ముఖం ఎక్కడికీ పోలేదని, మళ్ళీ వస్తుందని బిడ్డ నేర్చుకొనేది అప్పుడే.

కడుపు నిండి, కునుకు తీసి లేచిన వేళ ఆటకు మంచిది. పాప ముఖం తిప్పుకొన్నదంటే "ఇక చాలు" అన్నదని అర్థం. మెడ నిలువని బిడ్డ తలకు చేయి ఆనించవలె. గాలిలోకి ఎగురవేయడం, కుదపడం ఎన్నడూ తగదు. ఇంట తమ్ముడో చెల్లెలో పుట్టిన విద్యార్థులు పెద్దల పక్కన కూర్చుండి ఈ ఆటలన్నీ ఆడవచ్చు.

ఇది ఆడవారి పని అనే మగవారికి ఒక్క మాట. తాళ్ళపాక అన్నమాచార్యులు సాక్షాత్తు భగవంతుని పసివానిగా భావించి జోల పాడారు. అంతటివాడు పాడగా మనకు సిగ్గెందుకు?

అల్లుడుగారికి మాత్రం జోలపాటలు రావు. మూడవ నెలలో వచ్చినప్పుడు, పొద్దున్నే వరండాలో ఆయన గొంతు వినిపించింది. పాపను ఒడిలో పెట్టుకొని, తాను వచ్చిన దారిలోని స్టేషన్ల పేర్లు చెబుతున్నారు. "భువనగిరి" అని ఆగారు. "ఊఁ" అన్నది పాప. "కాజీపేట." "ఊఁ." వరంగల్లు, మహబూబాబాదు, డోర్నకల్లు, ఖమ్మం, మధిర... ప్రతిచోటా బండి ఆగినది. ప్రతిచోటా పాప పచ్చజెండా ఊపినది.

కొండపల్లి దాటేసరికి మా అమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది. "నాన్నగారూ, నేనూ ఇట్లాగే ఊఁ కొట్టేదాన్నా?" అని అడిగింది.

నాకు తెలియదని చెప్పాను. ఈ వ్యాసం చదివే తండ్రులలో ఏ ఒక్కరికీ ఆ జవాబు చెప్పే అవసరం కలుగకూడదు.