ఎర్ర కణం తేడాగా ఉందా, స్లయిడ్ తేడాగా ఉందా?

సీబీపీ (పూర్తి రక్త పరీక్ష) అంకెలన్నీ మెషీనే ఇస్తుంది కదా, మళ్లీ స్లయిడ్ ఎందుకు?

మెషీన్ ఇచ్చే ఎంసీవీ ఒక సగటు. పెద్దవాళ్లలో ఎర్ర కణం సగటు పరిమాణం 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల మధ్య ఉంటే మామూలే అంటాం. ఒకే మనిషికి ఐరన్ లోపమూ, బి12 లోపమూ ఉన్నాయనుకోండి. మొదటిది కణాలను చిన్నవి చేస్తుంది, రెండోది పెద్దవి చేస్తుంది. సగటు తీస్తే 88 రావచ్చు. కణాల పరిమాణాల్లో తేడాను కొలిచే ఆర్‌డీడబ్ల్యూ పెరిగి అనుమానం రేపుతుంది గానీ, అవి ఏ ఆకారంలో ఉన్నాయో చెప్పదు. అది కంటితో చూసి తేల్చాల్సిందే.

మామూలు కణం ఎలా ఉంటుంది?

గుండ్రంగా, 7–8 మైక్రాన్ల వ్యాసంతో, కేంద్రకం లేకుండా ఉంటుంది. గారెకున్నట్టు నడుమ చిల్లు ఉండదు, రెండు వైపులా నొక్కుకుపోయి ఉంటుంది. అక్కడ హిమోగ్లోబిన్ పలచన కాబట్టి లీష్మన్ స్టెయిన్ వేస్తే అంచు గులాబీ రంగులో, నడుమ పాలిపోయి కనిపిస్తుంది. ఆ పాలిపోయిన భాగం వ్యాసంలో సుమారు మూడో వంతు. పరిమాణం పోల్చుకోవడానికి కొలబద్ద అదే స్లయిడ్ మీద ఉంటుంది: చిన్న లింఫోసైట్ కేంద్రకం. ఎర్ర కణం దాదాపు అంతే ఉంటే పరిమాణం సరిగ్గా ఉన్నట్టు.

స్లయిడ్ మీద ఎక్కడ చూడాలి?

స్లయిడ్ మీద పలచగా పరిచిన రక్తపు పొరే స్మియర్. దాని తల దగ్గర రక్తం మందం. అక్కడ ఎవరి కణాలైనా ఒకదానిపై ఒకటి పేరుకున్నట్టే ఉంటాయి. తోక చివర కణాలు చదునై నడిమి పాలిపోవడం మాయమవుతుంది, లేని స్ఫీరోసైట్లు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఈ రెండింటి మధ్య, కణాలు పక్కపక్కన ఆనీ ఆననట్టుండే చోటును ముందు తక్కువ పవర్‌లో వెతికి, తర్వాత ఆయిల్ ఇమ్మర్షన్‌లో చూడాలి.

తేడా రక్తానిదా, స్లయిడ్‌దా ఎలా తెలుస్తుంది?

దాదాపు ప్రతి కణమూ ఒకే రకం తేడా చూపిస్తే ముందు స్లయిడ్‌నే అనుమానించాలి. ఈడీటీఏ ట్యూబులో రక్తం గంటల తరబడి నిలవుంటే కణాల అంచుల నిండా మొనలు వస్తాయి. తోక తేలిన కణాలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే అది స్మియర్ లాగినప్పుడు జరిగిందే. తేమ వల్ల సరిగా ఆరకపోతే నడిమి భాగం పదునైన అంచుతో చిల్లు పడినట్టు మెరుస్తుంది. అసలైన పాలిపోవడం అంచు నుంచి నడుమకు మెల్లగా తగ్గుతూ వస్తుంది. సందేహం ఉంటే తాజా రక్తంతో ఇంకో స్మియర్ తీయడమే మందు.

ఏ ఆకారం ఏం చెబుతుంది? ఎందుకు?

ఐరన్ తక్కువైతే హిమోగ్లోబిన్ తయారీ తగ్గుతుంది. కణం చిన్నదై, పాలిపోయిన భాగం విస్తరిస్తుంది, సన్నగా సాగిన పెన్సిల్ కణాలు కనిపిస్తాయి. బీటా తలసీమియా ట్రెయిట్‌లోనూ కణాలు చిన్నవే. అయితే ఎర్ర కణాల సంఖ్య తగ్గకపోగా ఎక్కువగా ఉండటం, టార్గెట్ కణాలు కనిపించడం అటువైపు చూపిస్తాయి. తేల్చేది హెచ్‌బీఏ2 పరీక్ష.

కణం పైపొర కొంత కోల్పోతే, లోపలి సరుకు పట్టడానికి బంతిలా మారక తప్పదు. అదే స్ఫీరోసైట్: చిన్నగా, చిక్కటి రంగుతో, నడుమ పాలిపోకుండా ఉంటుంది. ఇది వంశపారంపర్యం కావచ్చు, యాంటీబాడీల దాడి కావచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి కూంబ్స్ పరీక్ష కావాలి.

కొడవలి (సికిల్) కణాల గురించి 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ రాశాడు. ఆక్సిజన్ తగ్గినప్పుడు హెచ్‌బీఎస్ అనే తేడా హిమోగ్లోబిన్ అణువులు కడ్డీలుగా పేరుకుని కణాన్ని వంచేస్తాయి. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో హెచ్‌బీఎస్ జన్యువు ఉంది. ఒక్క జన్యువే ఉన్నవారి స్మియర్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. స్లయిడ్ బాగుందని వాళ్లకు సికిల్ జన్యువు లేదని చెప్పకూడదు, హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్ష చేయించాలి.

ఒక్క తేడా కణం కనిపిస్తే జబ్బేనా?

కాదు. ఆరోగ్యవంతుల స్లయిడ్‌లోనూ ఒకటీ అరా వింత కణాలుంటాయి. చాలా ఫీల్డులు చూసి, పరిమాణం, రంగు, ఆకారం, లోపలి చుక్కలు వరుసగా రాయాలి. చూసింది రాయడం వరకే స్మియర్ పని, జబ్బు పేరు మిగతా పరీక్షలతో కలిపి వైద్యులు నిర్ణయిస్తారు.

ఒక్క విషయంలో మాత్రం తాత్సారం పనికిరాదు. మూలలు తేలిన ముక్క కణాలు, అంటే స్కిస్టోసైట్లు, 1 శాతం దాటి ఉండి, ప్లేట్‌లెట్లు కూడా పడిపోతే, సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కట్టి కణాలను తెంచుతున్నాయేమోనని అనుమానించాలి. టీటీపీ లాంటి ప్రాణాంతక జబ్బుల్లో ఇలాగే జరుగుతుంది. అప్పుడు రిపోర్టు టైపయ్యే దాకా ఆగకుండా వైద్యుడికి ఫోన్ చేయాలి.