మడమ నొప్పితో మల్లన్న చెంతకు.. మూడు నెలల ముందే సన్నద్ధం

నల్లమల కాలిబాటలో నడిచే భక్తులు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆత్మకూరు: మహాశివరాత్రి, ఉగాది పర్వదినాలు సమీపిస్తే నల్లమల అడవి శివనామస్మరణతో మార్మోగుతుంది. భ్రమరాంబాదేవిని తమ ఇంటి ఆడపడుచుగా భావించే కన్నడ భక్తులు వందల కిలోమీటర్లు నడిచి శ్రీశైలం చేరుకుంటారు. నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం వద్ద అడవిలో అడుగుపెట్టే వారిలో ఏళ్ల తరబడి మడమ నొప్పితో బాధపడుతున్నవారూ ఉంటారు. మల్లన్నే నడిపిస్తాడన్నది వారి విశ్వాసం. ఆ విశ్వాసానికి ముందస్తు సన్నాహం తోడైతేనే యాత్ర క్షేమంగా ముగుస్తుంది.

పరీక్ష పెట్టే లోయ

వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి 40 కిలోమీటర్లకు పైగా నడవాలి. అసలు కష్టం పెచ్చెరువు దాటాక మొదలవుతుంది. రాతి మెట్ల మీదుగా భీముని కొలను లోయలోకి దిగి, ఆవలి వైపు కైలాసద్వారానికి ఎక్కాలి. లోయలోకి వాహనం రాదు. మధ్యలో కాలు మొరాయిస్తే తోటివారు మోసుకుపోవలసిందే.

కొన్నేళ్ల క్రితం ఈ విలేకరికి ఆ అనుభవం ఎదురైంది. ఆరు నెలలుగా ఉన్న మడమ నొప్పిని లెక్కచేయక బయలుదేరగా, మెట్ల మధ్యలో కాలు మోపలేని స్థితి ఏర్పడింది. ముక్కూమొహం తెలియని ఇద్దరు భక్తులు భుజాలు ఆసరా ఇచ్చి పైకి చేర్చారు. వారి దర్శనం ఆ రోజుకు తప్పిపోయింది. నొప్పి మనదే అయినా, దాని భారం పక్కవారి మీద పడుతుందని అప్పుడు తెలిసివచ్చింది.

నొప్పి ఏమిటో తెలుసుకోవాలి

మడమ ఎముక నుంచి కాలివేళ్ల దాకా అరికాలిలో దళసరి పట్టీ వంటి కణజాలం ఉంటుంది. మడమ వద్ద అది దెబ్బతినడాన్ని ప్లాంటార్ ఫేసియైటిస్ అంటారు. ఉదయం మంచం దిగగానే వేసే తొలి అడుగుల్లో పోటు, కాస్త నడిస్తే ఉపశమనం, కూర్చుని లేస్తే మళ్లీ నొప్పి దీని లక్షణాలు. ఎక్స్‌రేలో ఎముక పెరిగినట్లు కనిపిస్తే అదే కారణమని చాలామంది బెంబేలెత్తుతారు. నొప్పి ఏమాత్రం లేనివారిలోనూ ఆ పెరుగుదల కనిపిస్తుంది.

పాదం వాచినా, వేడిగా ఉన్నా, విశ్రాంతిలోనూ, రాత్రివేళా నొప్పి తగ్గకున్నా, ఒకేచోట వేలితో నొక్కితే భరించలేకున్నా అది వేరే జబ్బు కావచ్చు. ఎముకలో సన్నని చీలిక ఉన్నా ఇలాగే ఉంటుంది. అటువంటివారు వైద్యుని సంప్రదించిన తర్వాతే నడక ఆరంభించాలి.

పన్నెండు వారాల సాధన

వ్యాయామం ఇంట్లోనే చేయవచ్చు. మంచం దిగకముందే నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలిపై ఉంచి, వేళ్లను చేత్తో వెనక్కు లాగి పది సెకన్లు పట్టుకోవాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పర్యాయాలు చేయాలి. గోడకు చేతులు ఆనించి పిక్కలను సాగదీయాలి. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద మడిచిన తువ్వాలు ఉంచి, మడమలను నెమ్మదిగా ఎత్తి దించడం రోజు విడిచి రోజు చేయాలి. దీనివల్ల పాదానికి, పిక్కలకు బలం చేకూరుతుంది. ఫలితానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

నడకను నొప్పి పెరగని దూరంతో మొదలుపెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. మర్నాడు ఉదయం తొలి అడుగుల్లో నొప్పి క్రితం రోజుకన్నా ఎక్కువగా ఉంటే దూరం తగ్గించాలి. చివరి నెలలో వరుసగా రెండు రోజులు నడిచి చూసుకోవాలి. మెట్లు ఎక్కడంతో పాటు దిగడమూ సాధన చేయాలి.

పాదరక్షలు, మూట

కొత్త చెప్పులతో యాత్రకు బయలుదేరడం కోరి కష్టం తెచ్చుకోవడమే. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ బూట్లు కొని, నెల రోజులైనా వాడి ఉండాలి. వేళ్ల ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ, మడమ కింద మెత్తదనం అవసరం. చెమట పట్టిన మేజోళ్లను మార్చుకుంటే బొబ్బలు తగ్గుతాయి. మూట బరువు శరీర బరువులో పదో వంతు మించరాదు. చేతికర్రలు రెండు ఉంటే మెట్లు దిగేటప్పుడు పాదంపై భారం తగ్గుతుంది.

వట్టికాళ్లతో నడుస్తామని మొక్కుకున్నవారిలో మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా, ఎండకు కాలిన రాయి తగిలినా తెలియదు. చిన్న పుండే వేలు తీసేసే దాకా వెళ్లవచ్చు. అటువంటివారు చెప్పులు విడువరాదు. ప్రతి సాయంత్రం అద్దం సాయంతో అరికాళ్లు చూసుకోవాలి.

మాత్రలే దిక్కు కారాదు

నొప్పి మాత్రలు మింగుతూ నడవడం ప్రమాదకరం. ఎండలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. యాత్రకు ముందు మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని వెంటనే దూరం నడిస్తే అరికాలి పట్టీ తెగే ముప్పుంది. నొప్పి తెలియకపోవడం, నయం కావడం ఒకటి కావు.

పెచ్చెరువులోనే నిర్ణయం

పెచ్చెరువులో రాత్రి బస చేసేవారు తెల్లవారి తొలి పది నిమిషాల నడకను గమనించుకోవాలి. ఆ తర్వాత కూడా కుంటుతూనే ఉంటే లోయలోకి దిగరాదు. వెనుదిరిగి ఆత్మకూరు చేరుకుని, దోర్నాల ఘాట్ రోడ్డు మీదుగా బస్సులో శ్రీశైలం వెళ్లవచ్చు. నడిచి వచ్చినవారికి, బస్సు దిగినవారికి మల్లన్న దర్శనం ఒక్కటే. పాదం క్షేమంగా ఉంటే వచ్చే ఏడాది మళ్లీ ఇదే బాట పట్టవచ్చు.